అంచున నిలబడి

గండికోట లోయ అంచుకు వచ్చినవాళ్లు ముందు ఒకే మాట అంటారు: "అబ్బ!" ఫోన్లు బయటికి తీసేది ఆ తర్వాతే. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు, ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు, బెంగళూరు నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చి నిద్రమొహాలతో సూర్యోదయం కోసం కాచుకున్నవాళ్లు, చంకలో బిడ్డతో పక్క ఊరి నుంచి వచ్చిన తల్లి, అందరిదీ అదే అబ్బ. నేనూ అన్నాను. అన్నాక ఒక అనుమానం పట్టుకుంది. ఈ కొండ మీద తొమ్మిది వందల ఏళ్లుగా మనుషులున్నారంటారు కదా, వాళ్లలో ఎంతమంది ఈ మాట అని ఉంటారు?

ఇంతకీ అక్కడ ఉన్నదేమిటి? ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పెన్న పారిన సందు. రెండు పక్కలా ఎర్రటి రాతిగోడలు. లోతు సుమారు 300 అడుగులు. గోడలంటే నున్నటి గోడలు కావు. పలక మీద పలక, దిమ్మె మీద దిమ్మె, సున్నం పెట్టడం మరిచిపోయిన మేస్త్రీ ఎవరో హడావిడిగా పేర్చుకుంటూ పోయినట్టుంటాయి. కొన్ని దిమ్మెలు సగం బయటికి వచ్చి ఆగాయి. కింద ఏటి ఒడ్డున పడి ఉన్నవి, అలా ఆగలేకపోయినవి. పొద్దున వెలుగు తూర్పు నుంచి సందులోకి వస్తున్నకొద్దీ గోడ ముందు గోధుమరంగుకు, తర్వాత ఇటుకరంగుకు, కాసేపటికి కాలిన పెంకు రంగుకు మారుతుంది. ఎండ బాగా ఎక్కాక రంగులన్నీ వెలిసిపోయి ఉత్త బండ మిగులుతుంది.

భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు ఈ రాతికి ఊరి పేరే పెట్టుకున్నారు, గండికోట క్వార్ట్‌జైట్ అని. వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. లోతులేని సముద్రం ఒడ్డున పేరుకున్న ఇసుక, మీద పడిన బరువుకు బిగుసుకుని బిగుసుకుని రాయి అయింది. అందులో ఉన్న ఇనుప తుప్పే ఈ ఎరుపు. నేను కూర్చున్న పలకను అరచేత్తో తడిమితే సన్నటి మిట్టపల్లాలు తగిలాయి, వరసగా, వేలెడేసి ఎడంలో. సముద్రపు ఒడ్డున అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే గీతలే అవి. ఆ అల వచ్చిననాటికి భూమ్మీద చేప లేదు, చెట్టు లేదు. అసలు చూడ్డానికి కన్ను అనేదే లేదు. ఈ రాతికి అడుగున ఉండే ఇంకో పొరకు ఇంకో ఊరి పేరు పెట్టారు: తాడిపత్రి. ఆ రోజు మధ్యాహ్నం నేను పోవలసింది కూడా ఆ ఊరికే. పై పొర పొద్దున, కింది పొర సాయంత్రం అనుకుని బయల్దేరాను.

గండికోట జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. జమ్మలమడుగులో బస్సు దిగి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, అక్కడే కారు మాట్లాడుకున్నాను. నడిపే ఆయనకు యాభై దాటి ఉంటాయి. మితభాషి. కోట తలుపుల దాకా తెచ్చి, లోపల ఊరు దాటించి, మసీదు దగ్గర ఆపి, "మీరు పొయ్యి చూసి రాండి సార్, నేనీడ్నే ఉంటా" అన్నాడు. రోజూ వచ్చేవాడు కదా, విసుగనుకున్నాను.

ఊరి పాత చరిత్ర రాసిన కైఫీయత్తు చెప్పే ప్రకారం 1123లో కాకరాజు అనే చాళుక్య సామంతుడు ఇక్కడ తొలి కోట కట్టాడు. దాన్ని ఇంత చేసినవాళ్లు మాత్రం విజయనగరం కింద ఏలిన పెమ్మసాని నాయకులు. చుట్టుకొలత అయిదు మైళ్లంటారు. గోడకు వాడిన రాయి కూడా ఈ ఎర్రరాయే, అందుకే దూరం నుంచి చూస్తే కొండ ఎక్కడ ఆగింది, గోడ ఎక్కడ మొదలైందో పోల్చుకోలేం. ఉత్తరం వైపు మాత్రం మేస్త్రీకి కూలి మిగిలింది. అక్కడ గోడ పని లోయ చూసుకుంటుంది.

అంటే ఈ కోట యజమానులకు లోయ ఒక గోడ. శత్రువు ఎక్కలేని గోడ. రాత్రి కావలి తిరిగినవాడు ఇదే అంచున నిలబడి ఉంటాడు, ఇదే చీకటి సందులోకి చూసి ఉంటాడు. వాడు వెతికింది తాళ్ల కోసం, పొగ కోసం, నీటి మీద కదిలే నీడ కోసం. వెన్నెల రాత్రులంటే వాడికి ఇష్టమై ఉండాలి, దూరం కనబడుతుంది కాబట్టి. అమావాస్య అంటే భయమై ఉండాలి. సూర్యోదయం అంటే పహరా మార్పు. వాడిని పక్కన నిలబెట్టి "ఎంత బాగుందో" అంటే, నా వంక అనుమానంగా చూసి, ఎవరి తాలూకు మనిషివి అని అడిగేవాడు.

1652లో ఈ కొండెక్కిన ఒక పెద్దమనిషి రాత మనకు ఉంది. పేరు టావెర్నియే. ఫ్రెంచి దేశపు రత్నాల వర్తకుడు. గోల్కొండ సుల్తానుకు ముత్యాలూ రత్నాలూ అమ్ముకోవాలని వచ్చాడు. సుల్తాను ఏది కొనాలన్నా ముందు మంత్రి మీర్ జుమ్లా కంట పడాలి. ఆ మీర్ జుమ్లా అప్పుడే పెమ్మసానివారి చేతుల్లోంచి గండికోటను లాక్కుని, ఇక్కడే మకాం వేసి ఉన్నాడు. అందుకని వర్తకుడు సరుకుతో సహా ఇంత దూరం రావలసి వచ్చింది. వచ్చినవాడు ఏం చూశాడు? కొండ మీదికి ఒకే దారి ఉందని చూశాడు. అది ఇరవై, పాతిక అడుగుల వెడల్పనీ, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే ఉందనీ, ఒక పక్క అగాధమనీ రాసుకున్నాడు. కొండ మీద వరి, జొన్న లాంటి పంటలు పండుతున్నాయని, ఊటలున్నాయని రాసుకున్నాడు. లోయ ఆయన రాతలో కోట బలం లెక్కకట్టే చోట వస్తుంది. వర్తకుడికి కోట కూడా సరుకే, తూకం వేసి చూస్తాడు.

ఆయన రాసినదాంట్లో నాకు బాగా నచ్చేది మీర్ జుమ్లా కొలువు. నవాబు గుడారంలో కింద కూర్చుని ఉన్నాడు. కాళ్ల వేళ్ల మధ్య ఉత్తరాలు. ఎడమచేతి వేళ్ల మధ్య ఉత్తరాలు. ఒకటి కాలివేళ్ల నుంచి లాగుతాడు, ఒకటి చేతివేళ్ల నుంచి లాగుతాడు, ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెబుతుంటాడు, కొన్ని తనే రాస్తుంటాడు. రాజ్యమంతా వేళ్ల సందుల్లో ఇరుక్కుని ఉన్న ఆ మనిషి, కొద్ది దూరంలో ఉన్న ఈ సందు వైపు తీరిగ్గా చూపు తిప్పి ఉంటాడా? నమ్మకం లేదు. తర్వాత మూడు నాలుగేళ్లకే గోల్కొండను వదిలి మొగలుల పక్కకు చేరాడు, బెంగాలు సుబేదారు అయ్యాడు, అస్సాం దండయాత్ర నుంచి తిరిగొస్తూ 1663లో పోయాడు. అన్ని నదులు దాటాడు. ఒక్కటీ తీరిగ్గా చూసే బతుకు కాదు.

ఫిరంగుల కథ కూడా టావెర్నియేదే. మీర్ జుమ్లా దగ్గర క్లాడ్ మాయ్ అనే ఫ్రెంచి పోతపనివాడు ఉండేవాడు. ఇరవై ఫిరంగులు పోయమని పురమాయించి, రాగి కోసం చుట్టుపక్కల గుళ్లలోని విగ్రహాలన్నీ పట్టించుకొచ్చారు. అన్నీ కరిగాయట, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట. చివరకు ఒక్క ఫిరంగీ సవ్యంగా రాలేదు, పోతపనివాడు కొలువు వదిలి వెళ్లిపోయాడు. విగ్రహాల మహిమో, కొలిమి లోపమో, పనివాడి అబద్ధమో ఎవరికి నచ్చినట్టు వాళ్లు అనుకోవచ్చు. మాధవరాయస్వామి గుడి మాత్రం ఇప్పుడు ఖాళీ. ఎత్తైన గోపురం, బారెడు మండపాలు, పొడుగాటి స్తంభాల నీడలు అన్నీ ఉన్నాయి, గర్భగుడిలో చీకటి ఉంది. జామియా మసీదు జంట మినార్లతో అందంగా నిలబడి ఉంది, నమాజు లేదు. దాని పక్కనే కత్తుల కోనేరు. యుద్ధం నుంచి వచ్చి కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడ్డాయని చెబుతారు. ఇంత ఎర్రరాయి మధ్య నీళ్లు ఎర్రగా ఉండటానికి కత్తులు అక్కర్లేదు కానీ, కథ బాగుంది.

వీటన్నిటికన్నా నేను ఎక్కువసేపు నిలబడింది ధాన్యాగారంలో. గోపురానికి ఉన్న గీర దీనికి లేదు. మందపు గోడలు, పైన వంపు కప్పు, లోపల అడుగు పెడితే చల్లదనం, గబ్బిలాల వాసన. మాట అంటే తిరిగి వినిపిస్తుంది. కోటలో అసలు ప్రాణం ఇక్కడ ఉండేది. ముట్టడి అంటే రెండు వైపులా ఆకలి లెక్క. లోపలివాడి గింజలు ముందు అయిపోతాయా, బయటివాడి ఓపిక ముందు అయిపోతుందా అన్నదే యుద్ధం. రాయల చెరువు ఆ లెక్కలో రెండో పద్దు.

కోట లోపల ఇప్పటికీ చిన్న ఊరుంది. ఇళ్లు, గొడ్లు, మేకలు, బడి. దారిపక్కన మజ్జిగ, నిమ్మకాయ సోడా అమ్ముకునే ఒక పెద్దావిడతో మాట కలిపాను. పుట్టింది ఇక్కడే, మనువు కూడా ఇక్కడికే. "రోజూ చూస్తుంటావు కదమ్మా, ఆ లోయ ఎట్లనిపిస్తుంది?" అన్నాను, పట్నం నుంచి వచ్చినవాళ్లు అడిగే తెలివితక్కువ ప్రశ్న. ఆమె సోడా మూత తీస్తూ, "ఏం చూచ్చాంలే నాయనా, మేకలు అంచుకు పోకుండా చూసుకునేకే సరిపాయె" అంది.

కావలివాడు, మీర్ జుమ్లా, వర్తకుడు, మేకల పెద్దావిడ, అందరూ ఒకే అంచున ఉన్నవాళ్లే, ఒక్కొక్కరికీ అక్కడ ఒక పని ఉంది. పని ఉన్నవాడికి చోటు కనబడుతుంది, దృశ్యం కనబడదు. నాకు దృశ్యం కనబడింది, ఎందుకంటే ఆ లోయతో నాకు ఏ అవసరమూ లేదు. దాని వల్ల నాకు తిండి రాదు, దాంట్లోంచి నా మీదికి ఎవడూ ఎక్కి రాడు. అక్కడ చూపు కోసం చూడటం అనే విలాసం నాలాంటివాళ్లకే చెల్లింది. ఇది సిగ్గుపడవలసిన విషయమని నేననుకోను. భయం పోయాక మిగిలినదాన్ని అందం అంటే తప్పేముంది? కాకపోతే ఆ భయాన్ని ఎవరో మన బదులు పడి తీర్చేశారన్న సంగతి గుర్తుంటే మంచిది.

రాయలసీమలో నది అన్నది మరీ అవసరం మాట. గోదావరి ఒడ్డువాళ్లు నది అనగానే పడవ తలుచుకుంటారు. ఇక్కడివాళ్లు నది అనగానే ఆకాశం వైపు చూస్తారు. పెన్న నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. అందులో ఎక్కువ దూరం, ఏడాదిలో ఎక్కువ నెలలు, అది ఇసుకగానే నడుస్తుంది. చెలమ తవ్వితే ఊరే నీరే పెన్న. ఈ ఏటి మీద విద్వాన్ విశ్వం రాసిన కావ్యం పేరు 'పెన్నేటి పాట'. పేరు విని పడవ పాటలుంటాయనుకుంటే పొరపాటు, అది కరువులో నలిగిన ఆలుమగల కథ.

మరి లోయలో నేను చూసిన నీళ్లో? ఆకుపచ్చగా, నిండుగా, అద్దంలా నిలబడి ఉన్నాయి కదా. అవి అలా ఉండటానికి చాలా తతంగం జరిగింది. శ్రీశైలం దగ్గర కృష్ణ నీళ్లు పోతిరెడ్డిపాడు తూముల్లోంచి కాలవలో పడి, బనకచర్ల, గోరకల్లు, అవుకు దాటి, కొండ కింద సొరంగాలు దూరి, గాలేరు-నగరి కాలవ ద్వారా ఇక్కడికి వస్తాయి. కోటకు ఎగువన పెన్న మీద కట్టిన గండికోట జలాశయం పట్టేది 26.85 టీఎంసీలు. దిగువన మైలవరం ఆనకట్ట ఉంది. ఈ రెండిటి మధ్య పైవాడు వదిలినవీ, కిందివాడు నిలేసినవీ లోయలో మనకు కనబడే నీళ్లు. పెన్న సందులో కృష్ణమ్మ నిలబడి ఉంటే, మనం దాన్ని ప్రకృతి అంటున్నాం. అనవచ్చు. గట్ల వెనక ఉన్న ఇంజనీర్లు ఏమీ అనుకోరు.

మధ్యాహ్నం ముద్దనూరు మీదుగా తాడిపత్రి దారి పట్టాం. నల్లరేగడి చేలు, కోసేసిన శనగ, దూరాన థర్మల్ కేంద్రం పొగగొట్టాలు. కొండాపురం దగ్గర పడుతుండగా రోడ్డుకు ఒక పక్క ఒకే పోలికలో ఇళ్లు, సందులు గీత గీసినట్టు తిన్నగా, చెట్లింకా ఎదగలేదు. ఊరు పుడితే సందులు వంకరగా ఉంటాయి, పెడితే తిన్నగా ఉంటాయి. నేను చూస్తుండటం గమనించి డ్రైవరు మొదటిసారి తనంతట తాను మాట్లాడాడు. "ముంపోళ్లవి సార్. మాదీ మునిగింది." ఏ ఊరని అడిగితే చెప్పాడు. ఎగువ జలాశయం అడుగున ఉన్న ఇరవైకి పైగా ఊళ్లలో అదొకటి. 2020లో నీటిమట్టం పెంచుతున్నప్పుడు తాళ్లప్రొద్దుటూరులో జనం పరిహారం పూర్తిగా ఇచ్చేదాకా కదలమని రోడ్డు మీద కూర్చున్న సంగతి పేపర్లో చదివిన గుర్తుంది. ఆయన దాని గురించి పెద్దగా చెప్పలేదు. "రేగడి సార్. శనగ బాగా వచ్చేది" అన్నాడు. పరిహారంతో కొన్నదే ఈ కారు.

పొద్దున ఆయన కారు దిగకపోవడానికి విసుగు కారణం కాదేమోనని అప్పుడు తోచింది.

తాడిపత్రి పేరు తెలియని తెలుగు ఇల్లు తక్కువ, ఊరు తెలియకపోయినా. పాత ఇళ్ల వంటగదుల్లో, వరండాల్లో పరిచిన నల్లటి బండలకు తాడిపత్రి బండలన్న పేరు దూరదూరాల దాకా చెల్లింది. ఊరి శివార్ల నుంచే కోత మిషన్ల కూత వినబడుతుంది. పలకలు నిలువునా ఆన్చి పెట్టిన యార్డులు, మిషన్ల కింద నుంచి పాలలా పారే బూడిదనీళ్లు, చెట్ల ఆకుల మీద తెల్లటి పొర. అందమైన ఊరు అని ఎవరూ అనరు. బతికున్న ఊరు.

ఆ రొదకు ఉత్తరపు కొసన, పెన్న ఒడ్డున, బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి. గండికోటనేలిన పెమ్మసానివాళ్లే కట్టారు. రామలింగనాయుడు, 1490, 1509 మధ్య. ఊళ్లోని చింతల వెంకటరమణస్వామి గుడి తిమ్మానాయుడి పేరు మీద ఉంది, అందులో గరుత్మంతుడికి రాతిరథం, గోడల నిండా రామాయణం. అదీ చూడదగ్గదే, తొందరలో చూడకూడనిది. నేను వెలుతురు ఉండగా ఏటి ఒడ్డు గుడికే ఎక్కువ సమయం ఇచ్చాను.

ఇక్కడి గోపురాలకు పై అంతస్తులు లేవు. రాతిపీఠం దాకా, గోడల దాకా లేచి, అక్కడ ఆగాయి. కానీ ఆ లేచినంత మేరా చెయ్యి పెట్టడానికి చోటు లేకుండా చెక్కారు. ఆకుపచ్చ ఛాయ ఉన్న నల్లటి గట్టి రాయి. దానిలో ఉలి ఎంత సన్నగా తిరిగిందంటే, అయిదు వందల ఏళ్ల ఎండావానలకు కూడా అంచులు మొద్దుబారలేదు. ద్వారం పక్కన మొసలి మీద గంగ నిలబడి ఉంది. మొసలి నోట్లోంచి పుట్టిన తీగ ఆమె తల మీదుగా పైకి వంకర్లు తిరుగుతూ పోతుంది. తీగ చుట్ట ఒక్కొక్కదాంట్లో ఒక చిన్న బొమ్మ, బొటనవేలంత. నడుము వంపు దగ్గర చీర కుచ్చిళ్ల మడతలు లెక్కపెట్టవచ్చు. పందొమ్మిదో శతాబ్దంలో భారతదేశపు కట్టడాల చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గుసన్ చాలా గోపురాలను చూసి చూసి పెదవి విరిచిన మనిషి. ఆయన కూడా తాడిపత్రి గోపురాల దగ్గరికి వచ్చేసరికి, ఈ తీరు పనిలో ఇంతకన్నా అభిరుచి ఉన్నది లేదేమోనన్నంతగా మెచ్చుకున్నాడు.

ఒకే ఇంటివాళ్లు. ఒకే ఏరు. అక్కడ గింజలు దాచుకునే కొట్టు, గోడలు, జైలు. ఇక్కడ కనబడని మూలల్లో కూడా కుచ్చిళ్ల మడతలు. ప్రాణభయంతో కట్టినది పూర్తయింది, పూర్తి కాకపోతే చస్తారు కాబట్టి. ముచ్చటపడి కట్టినది సగంలో ఆగింది, ఆగితే కొంపలేమీ మునగవు కాబట్టి. పూర్తయినదాంట్లో ఇప్పుడు గబ్బిలాలున్నాయి. ఆగిపోయినదాంట్లో పొద్దూ మాపూ దీపం పెడుతున్నారు, ఊళ్లో ఆడవాళ్లు కార్తీకమాసంలో బారులు తీరుతున్నారు.

గుడికి పేరు తెచ్చిన బుగ్గ గర్భగుడిలో ఉంది. లింగం దగ్గర సన్నటి ఊట, ఏడాది పొడుగునా ఆగదంటారు. పూజారి ఆ నీళ్లు ఉద్ధరిణెతో చేతిలో పోశాడు. పొద్దున లోయలో చూసిన టీఎంసీల ముందు ఇదేపాటి? కానీ ఇది పెన్న తాలూకు సొంత నీరు. గుడి వెనక్కి నడిచి ఏటిని చూస్తే ఇసుక, ఇసుకలో తుమ్మచెట్లు, అక్కడక్కడా గుంటల్లో నీళ్లు, బట్టలు ఆరేసుకుంటున్న ఒక కుటుంబం. ద్వారం దగ్గర గంగను చెక్కినవాళ్లకు ఏరు ఎట్లా కనబడి ఉంటుందో. ఏటి ఒడ్డునే కూర్చుని, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకను చూస్తూ, నిండు నదిని చెక్కారు. వీళ్లకు మాత్రం అవసరం ఉండగానే దృశ్యం కనబడింది.

బయటికి వచ్చి టీ తాగుతుంటే డ్రైవరు కూడా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. లోయ దగ్గరకు నువ్వెందుకు రాలేదు అని అడుగుదామనుకుని, వేరే విధంగా అడిగాను. ఊరు మునిగేటప్పుడు ఎక్కడున్నారు అన్నాను.

"గట్టు మీదనే సార్. అందరం వచ్చినాం చూసేకి. పొలాలు ముందు పాయె, తర్వాత బడి, రామాలయం మాత్రం శానాసేపు కనపడె."

టీ గ్లాసు తిప్పుతూ కాసేపు ఊరుకున్నాడు.

"భలే ఉండె సార్. అంత నీళ్లు మా తాత కూడా చూసిండడు. ఆడోళ్లు ఏడుస్తాండారు, మళ్లా పిల్లోళ్లని ఎత్తుకుని చూపిస్తాండారు. నేనూ ఫోన్లో తీసినా."

వీడియో చూపించాడు. చెయ్యి వణికిన వీడియో. గాలి చప్పుడు, ఎవరో పిల్లవాడి కేక, వెడల్పాటి నీళ్లు, మధ్యలో ఒక గోపురం కొస. చూసేవాళ్లకు నది నిండటం కన్నులపండుగ అని, పోగొట్టుకున్నవాళ్లకు ఏడుపు అని పొద్దుటి నుంచి నేను రెండు పద్దులుగా రాసుకుంటూ వచ్చాను. ఈయన రెండూ ఒకే పద్దులో రాసుకున్నాడు. ఆయన గట్టు మీద నిలబడి అన్న "అబ్బ" ముందు, నేను లోయ అంచున అన్నది చాలా చవక.

గండికోటకు ఇప్పుడు మంచిరోజులు వచ్చాయంటున్నారు. కేంద్ర ప్రభుత్వం 2024లో పర్యాటకం కింద దాదాపు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. విడిది గదులు, దీపాలు, దారులు వస్తాయి. రావాలి కూడా, సోడా అమ్ముకునే పెద్దావిడకు నాలుగు డబ్బులు వస్తాయి. నాకున్న కోరిక చిన్నది. అంచున పెట్టే బోర్డుల మీద రాజుల పేర్లతోపాటు, ఎగువన మునిగిన ఊళ్ల పేర్లు కూడా ఒక వరుసలో రాయించాలి. ఖర్చు ఒక డబ్బా రంగు.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. గండికోటకు పొద్దున్నే చేరండి, వేసవిలో తొమ్మిది దాటితే బండ కాలుతుంది. తాడిపత్రి గుళ్లు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, ఆ లెక్క చూసుకుని బయల్దేరండి. రామలింగేశ్వరుడి గుడి వెనక ఏటిని కూడా ఒకసారి చూడండి. కారు నడిపే మనిషిని లోయ దాకా రమ్మని పిలవండి, రానంటే బలవంతపెట్టకండి. అంచున చాలామేర కంచె లేదు. పిల్లల చెయ్యి మాత్రం వదలొద్దు.